ఆవిరీ, దాని పరివారమూ

హైటెక్ సిటీ అనగానే మన కళ్ల ముందు అద్దాల మేడలు, మెట్రో రైలు, మెడలో బిళ్లలు వేసుకుని నడిచే ఉద్యోగులు మెదులుతారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచీ అక్కడ సమస్తమూ కరెంటుతోనూ కంప్యూటర్లతోనూ నడుస్తుందని మనకొక నమ్మకం. కానీ మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఏ పెద్ద హోటలు వెనక సందులోకో, ఏ ఆసుపత్రి వెనక గేటు దగ్గరకో వెళ్లి ఒకసారి తలెత్తి చూడండి. గోడ వెంబడి వెండి రంగు రేకు చుట్టిన గొట్టం ఒకటి పాకుతూ వుంటుంది. ఎక్కడో దాని కొసన తెల్లగా బుసకొడుతూ వుంటుంది. దుప్పట్లను ఇస్త్రీ చేసేది, ఆపరేషను కత్తులకు క్రిములు లేకుండా చేసేది, మధ్యాహ్నానికి వేలమందికి అన్నం వండిపెట్టేది ఆ గొట్టంలోని ఆవిరే.

పోయిన వేసవి సెలవుల్లో పది రోజులు నేనొక బాయిలరు ముందర గడిపాను. మా ఊరాయనే, వరసకు నాకు అన్న, గచ్చిబౌలికి అవతల ఆఫీసులకు భోజనాలు పంపే ఒక వంటశాలలో బాయిలర్ అటెండెంటుగా పనిచేస్తున్నాడు. ఆయన గదిలోనే మకాం. అప్పటికే థర్మోడైనమిక్స్ పేపరు రాసి వున్నాను, మార్కులూ బాగానే వచ్చాయి. నీటి బాష్పీభవన గుప్తోష్ణం గ్రాముకు 540 కెలోరీలు అని అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఆ 540 అంటే ఏమిటో మాత్రం అక్కడికి పోయాకే తెలిసింది. తెలిసినంతవరకు తోటి విద్యార్థులతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

మొదటిరోజు అన్న నన్ను అడిగిన ప్రశ్నే మిమ్మల్నీ అడుగుతాను.

"ఆ గొట్టం కొసకు తెల్లగ కనవడ్తున్నది గదా, అదేంది?"

"ఆవిరి" అన్నాను.

"కాదు. మంచిగ సూడు. గొట్టానికీ ఆ తెలుపుకూ నడుమ జానెడు ఖాళీ వున్నది. అగో, ఆ ఖాళీల వున్నదే ఆవిరి. వేలు పెట్టకు."

నిజమే. అసలైన ఆవిరి గాలిలాగే కంటికి కనపడదు. బయటి చల్లగాలి తగిలి కొంత భాగం సన్నని నీటి తుంపరగా మారాకే మనకు తెల్లగా కనిపిస్తుంది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న నాకు ఈ సంగతి పుస్తకంలో వుందని తెలుసు, కంట్లో లేదు. బాయిలరు గదిలో పనిచేసేవాడికి ఇది ప్రాణం మీది సంగతి. గొట్టానికి సూదిమొనంత బెజ్జం పడితే అక్కడ కనిపించేదేమీ వుండదు, చప్పుడే గుర్తు.

ఇక 540 సంగతి. ఒక కిలో నీటిని సున్నా డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 100 కిలో కెలోరీలు చాలు. (మన హైదరాబాదు సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన వుంది కనుక ఇక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి. లెక్క తేలికగా వుండడానికి 100 అనే అనుకుందాం.) అక్కడి నుంచి ఆ కిలో నీరు పూర్తిగా ఆవిరి కావడానికి మరో 540 కిలో కెలోరీలు కావాలి. అంత వేడి పోసినా థర్మామీటరులో పాదరసం గీత కూడా కదలదు. ఆ వేడి అంతా ఎక్కడికి పోయింది? ఆవిరిలో దాగి వుంది. గుప్తోష్ణమని పేరు పెట్టింది అందుకే. ఆ ఆవిరి మళ్లీ నీరైన క్షణాన దాచుకున్న 540నీ అణా పైసలతో సహా తిరిగి ఇచ్చేస్తుంది.

ఒక లెక్క వేద్దాం. వంటశాలలో వంద కిలోల బియ్యం, రెండు వందల యాభై లీటర్ల నీళ్లు ఒక పెద్ద పాత్రలో పోస్తారు. పాత్రకు రెండు గోడలు. మధ్య ఖాళీలోకి ఆవిరి వస్తుంది. దాన్ని జాకెట్ అంటారు. లోపలి సరుకును 28 డిగ్రీల నుంచి 98 డిగ్రీలకు తేవాలంటే, బియ్యానికి విశిష్టోష్ణం నీటిలో అయిదింట రెండు వంతులు అనుకుంటే, సుమారు 20,300 కిలో కెలోరీలు కావాలి. జాకెట్‌లోకి వచ్చే ఆవిరి గేజీ మీద 1.5 కిలోల పీడనంతో, సుమారు 128 డిగ్రీల వేడితో వుంటుంది. అది నీరయ్యేటప్పుడు కిలోకు దాదాపు 520 కిలో కెలోరీలు ఇస్తుంది. అంటే దాదాపు నలభై కిలోల ఆవిరితో పని అయిపోతుంది. నష్టాలు వేరు. అదే పనికి ఆవిరి బదులు అంతే వేడిగా వున్న నీటిని వాడామనుకోండి. అది 128 నుంచి 98కి చల్లబడుతూ కిలోకు ముప్ఫయి మాత్రమే ఇవ్వగలదు. సుమారు 680 కిలోల నీళ్లు తిప్పాలి! నలభై ఎక్కడ, ఆరు వందల ఎనభై ఎక్కడ?

ఆవిరి వేడిని మోసే బండి. సంతకు పోయిన బండి బరువు దించితేనే కదా ఫలితం. ఆవిరి తన బరువు దించేది నీరయ్యే చోట. కాబట్టి ఆవిరి యంత్రాంగంలో ఎన్ని భాగాలున్నా అన్నింటి ఉద్దేశమూ ఒక్కటే. ఆవిరి మనకు కావలసిన చోట నీరు కావాలి, దారిలో కాకూడదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

హైదరాబాదుకు ఆవిరి కొత్తది కాదు. హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో నిజాం ప్రభుత్వం బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం కట్టించింది. 1990లలో దాన్ని కూల్చేశారు. ఇలాంటి కేంద్రాలను చెరువుల పక్కన, నదుల పక్కన ఎందుకు కడతారు? బాయిలరులోకి పోసే నీటి కోసమే అయితే బావి చాలు. టర్బైను తిప్పి బయటకు వచ్చిన ఆవిరిని చల్లబరచి మళ్లీ నీరు చెయ్యడానికి అపారంగా చల్లని నీళ్లు కావాలి, అందుకు. ఆవిరిని తిప్పే టర్బైనులను 1960ల నుంచీ మన రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్.లోనే తయారుచేస్తున్నారు. ఐ.టి. కంపెనీల బస్సులు రోజూ ఆ దారిన పోతూనే వుంటాయి.

సరే, వంటశాలకు వద్దాం. నీరు బోరులోంచి వస్తుంది. ఈ ప్రాంతపు బోరునీరు కఠినజలం. దాన్ని అలాగే బాయిలరులో పోస్తే మన ఇళ్లలో నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లని గార ఇనుప గొట్టాలకూ పడుతుంది. గార వేడిని సరిగా పోనివ్వదు. అవతల మంట, ఇవతల గార, మధ్యన ఇనుము కాగి కాగి మెత్తబడుతుంది. అందుకని బోరునీటిని మొదట సాఫ్ట్‌నర్ అనే తొట్టిగుండా పంపుతారు. అందులోని రెజిను గింజలు కాల్షియం, మెగ్నీషియం అయానులను పట్టుకుని బదులుగా సోడియం అయానులను వదులుతాయి. వాటి శక్తి తగ్గినప్పుడు ఉప్పునీటితో కడిగితే మళ్లీ పనికి వస్తాయి. ఇంటరులో అయాను వినిమయం అని మనం బట్టీ పట్టింది ఇదే. అన్న మాత్రం దాన్ని "ఉప్పు డ్రమ్ము" అంటాడు. ఆయన రోజూ పొద్దున కఠినత్వం పరీక్ష చేసి పుస్తకంలో రాస్తాడు. ఇంత చేసినా నీటిలో కరిగిన లవణాలు పూర్తిగా పోవు. ఆవిరి శుద్ధంగా లేచిపోతుంది, లవణం వెనక మిగిలిపోతుంది. అందుకే వేళకింత చొప్పున బాయిలరు అడుగు నుంచి కొంత నీటిని బయటకు ఊదేస్తారు. దీని పేరు బ్లోడౌన్.

నీరు ఫీడ్ ట్యాంకుకు, అక్కడి నుంచి పంపు ద్వారా బాయిలరుకు చేరుతుంది. బాయిలర్లు ముఖ్యంగా రెండు జాతులు. గొట్టాలలో మంటల వేడిగాలి పోతూ చుట్టూ నీరుంటే ఫైర్ ట్యూబ్. గొట్టాలలో నీరు పోతూ చుట్టూ మంట వుంటే వాటర్ ట్యూబ్. వంటశాలలకు, లాండ్రీలకు మొదటిది చాలు. పెద్ద పీడనాలతో నడిచే విద్యుత్కేంద్రాలకు రెండోది. నేను చూసింది మొదటి జాతిది, గ్యాసుతో నడుస్తుంది, గంటకు 600 కిలోల ఆవిరి ఇస్తుంది, గేజీ మీద 7 కిలోలు, అంటే లోపల నీరు సుమారు 170 డిగ్రీల వద్ద వుంటుంది.

పాత్రకు 1.5 కిలోలు చాలినప్పుడు 7 ఎందుకు? నేనూ ఇదే అడిగాను. మామూలు వాతావరణ పీడనం వద్ద కిలో ఆవిరి దాదాపు 1,670 లీటర్ల చోటు తీసుకుంటుంది. 7 కిలోల వద్ద అదే ఆవిరి 240 లీటర్లలో అణగిపోతుంది. గొట్టాలు సన్నగా పెట్టుకోవచ్చు, ఖర్చు తగ్గుతుంది. ఎక్కువ పీడనంతో తీసుకుపోయి, వాడే చోట పీడనం తగ్గించే వాల్వు పెట్టి దించుకుంటారు.

బాయిలరు మీద వున్న వస్తువులలో రెండింటికి నేను నమస్కారం పెడతాను. ఒకటి సేఫ్టీ వాల్వు. పీడనం హద్దు దాటగానే స్ప్రింగును తోసుకుని తెరుచుకుని, ఊరంతా అదిరేలా అరుస్తూ ఆవిరిని వదిలేస్తుంది. ఇంకొకటి నీటి మట్టం చూపే గాజు గొట్టం. చూడ్డానికి అల్పంగా వుంటుంది. కానీ బాయిలరుకు నీరు ఎక్కువైతే నష్టం, తక్కువైతే చావు. మట్టం పడిపోయి గొట్టాలు నీటి పైకి తేలితే వాటిని చల్లబరిచేది ఏమీ వుండదు, ఎర్రగా కాలుతాయి. ఆ సమయంలో తెలియనివాడు కంగారుపడి పంపు వేస్తాడు. కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టే! అప్పుడు చెయ్యవలసింది మంట ఆపడం, బాయిలరును దానంతట అది చల్లారనివ్వడం. ఆ గాజు గొట్టం మురికి పట్టి మూసుకుపోతే లేని నీరు వున్నట్టు చూపించగలదు కనుక అన్న డ్యూటీ ఎక్కగానే ముందు దాన్ని ఊది చూసుకుంటాడు. టీ తర్వాత.

బాయిలరు చిరిగితే ఏమవుతుందో కాగితం మీద లెక్క వేశాను. అందులో ఒక టన్ను నీరు 170 డిగ్రీల వద్ద వుందనుకుందాం. పీడనం ఒక్కసారిగా పోతే ఆ నీరు 100 డిగ్రీలకు దిగిపోవాలి. మిగులు వేడి 70,000 కిలో కెలోరీలు. దాన్ని 540తో భాగిస్తే 130 కిలోల నీరు రెప్పపాటులో ఆవిరవుతుంది. దాని ఘనపరిమాణం సుమారు 217 ఘన మీటర్లు. మా ఫిజిక్సు క్లాసు గది తొమ్మిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు, గుణించి చూడండి. అంత గది నిండే ఆవిరి ఒక టన్ను నీటిలోంచి క్షణంలో పుడుతుంది. పేలుడంటే అదే. మంట కాదు, మందుగుండు కాదు, వట్టి నీళ్లు.

మన దేశంలో బాయిలర్ల చట్టం పుట్టింది కూడా ఒక పేలుడులోంచే. 1863లో కలకత్తాలో బాయిలరు పేలి పలువురు చనిపోయారు. మరుసటి ఏడు బెంగాలులో తనిఖీ శాసనం వచ్చింది. తర్వాత 1923లో భారత బాయిలర్ల చట్టం, దాని స్థానంలో 2025 మే 1 నుంచి కొత్త బాయిలర్ల చట్టం అమలులోకి వచ్చాయి. ఇన్‌స్పెక్టరు చూసి సర్టిఫికెట్ ఇవ్వనిదే బాయిలరు నడపరాదు. నడిపేవాడు పరీక్ష పాసై వుండాలి. మా అన్న చదివింది పదో తరగతే. ఆ పరీక్ష రెండోసారికి పాసయ్యాడు. ఆ సర్టిఫికెట్ అద్దం కట్టించి గదిలో దేవుడి పటం పక్కన పెట్టుకున్నాడు. అయితే చట్టంలో ఒక మినహాయింపు వుంది. లోపల పట్టే నీరు 25 లీటర్లకు తక్కువైతే అది బాయిలరు కిందికి రాదు. నీరు కొంచెమైతే పేలే శక్తీ కొంచెమే కనుక ఇందులో న్యాయం లేకపోలేదు. కానీ ఇడ్లీలు ఉడికించే అలాంటి చిన్న యంత్రాల ముందు ఏ శిక్షణా లేని పదిహేడేళ్ల పిల్లవాణ్ణి నిలబెడితే, వాడి చేయి కాలడానికి 25 లీటర్లు అక్కర్లేదు. ఈ విషయంలో నాకు చట్టం మీద కొంచెం కోపం వుంది.

బాయిలరు నుంచి ఆవిరి పెద్ద గొట్టంలో సెకనుకు ఇరవై అయిదు మీటర్ల వేగంతో పోతుంది. అంటే గంటకు తొంభై కిలోమీటర్లు, ఔటర్ రింగు రోడ్డు మీద కారులాగా. ఎంత దూది చుట్టినా గొట్టం గోడలకు కొంత ఆవిరి నీరవుతూనే వుంటుంది. ఆ నీరు ఒక పల్లంలో చేరి గొట్టానికి అడ్డం పడితే వెనక నుంచి వచ్చే ఆవిరి దాన్ని అదే వేగంతో విసిరి వంపు దగ్గర కొడుతుంది. సమ్మెటతో కొట్టినట్టు ధన్, ధన్ మని మోగుతుంది. వాటర్ హ్యామర్ అనేది ఇదే. వాల్వులు పగులుతాయి, మనుషులు కాలిపోతారు. అందుకే గొట్టాలను ఆవిరి పోయే వైపు కొద్దిగా వాలుగా వేస్తారు. పొద్దున్నే మెయిన్ వాల్వును నిదానంగా, నిదానంగా తిప్పుతారు. మా పొలం కాలువకు తూము ఒక్కసారే ఎత్తితే గట్టు తెగినట్టే ఇదీ.

ఈ నీటిని దారిలోనూ, జాకెట్ల అడుగునా బయటకు పంపే చిన్న పరికరమే స్టీమ్ ట్రాప్. ఈ యంత్రాంగంలో నాకు అన్నింటికన్నా నచ్చింది ఇది. నీటికి దారి ఇవ్వాలి, ఆవిరిని ఆపాలి. ఆవిరి నీరు కాకుండానే బయటపడితే 540ని వీధిలో పారబోసినట్టు. నీరు బయటపడకపోతే జాకెట్ నిండా నీరు నిలిచి ఆవిరికి చోటే వుండదు. కొన్నింటిలో నీటి మీద తేలే బంతి వాల్వును తెరుస్తుంది. కొన్నింటిలో ఒక చిన్న ఉక్కు బిళ్ల టక్, టక్ మని లేచి పడుతూ వుంటుంది.

నేనున్న ఆరో రోజున మూడో నంబరు పాత్రలో అన్నం ఉడకలేదు. పదకొండున్నరకు బండ్లు బయలుదేరాలి. వంటవాళ్లు "ప్రెషర్ పెంచు, పెంచు" అని కేకలు. అన్న బాయిలరు వైపు తిరిగి కూడా చూడలేదు. చేతిలో పొడవాటి స్క్రూడ్రైవరు తీసుకుని, మొన పాత్ర కింది ట్రాప్ మీద, పిడి చెవిలో పెట్టుకుని విన్నాడు. తర్వాత నాకూ ఇచ్చాడు. పక్క పాత్ర ట్రాప్‌లో నీరు పోతున్న గరగర వినిపించింది. దీనిలో ఏమీ లేదు, మట్టిగోడకు చెవి ఆనించినట్టు. చెత్త అడ్డుపడి మూసుకుపోయింది. జాకెట్ నిండా నీరు. దాన్ని పక్క దారిన వదిలాక ఇరవై నిమిషాల్లో అన్నం ఉడికింది. "ప్రెషర్ పెంచితే నీళ్లు ఇంకింత వేడైతుండె, అన్నం అట్లనే వుంటుండె" అన్నాడు అన్న. నా 540 ఆ రోజు నాకు అర్థమైంది.

ట్రాప్ నుంచి వచ్చిన నీరు పారబోసేది కాదు. అది వేడి నీరు, అంతకుముందే శుద్ధి అయిన నీరు. గొట్టం ద్వారా మళ్లీ ఫీడ్ ట్యాంకుకు తెచ్చుకుంటారు. ఫీడ్ నీటి వేడి ఆరు డిగ్రీలు పెరిగితే ఇంధనం సుమారు నూటికి ఒక పాలు మిగులుతుందని ఇంజనీర్ల లెక్క. వేడినీటిలో ఆక్సిజను తక్కువగా కరుగుతుంది కనుక ఇనుము తుప్పు పట్టడమూ తగ్గుతుంది.

ఇప్పటిదాకా పట్నం ఆవిరి. మాది నల్లగొండ జిల్లా, సాగర్ ఎడమకాలువ కింది పల్లె. మిర్యాలగూడ రైసుమిల్లుల పొగగొట్టాలు చూస్తూ పెరిగాను. అక్కడ బాయిలరు దేనికో ఇరవయ్యేళ్లు వచ్చేదాకా నేను అడగనేలేదు.

యాసంగి వరి కోతకు వచ్చేది ఎండలు మండే రోజుల్లో. ఆ వేడికి గింజలో కంటికి కనపడని బీటలు పడతాయి. పచ్చిగా మరాడిస్తే బియ్యం విరిగి నూక అవుతుంది. బాయిల్డ్ రైస్ మిల్లులో వడ్లను ముందు వేడినీటిలో నానబెట్టి, నీరు వంచి, ఆవిరి పడతారు. ఆవిరి చల్లని గింజను తాకి నీరై, తన గుప్తోష్ణాన్ని అక్కడ దించుతుంది. గింజలోని పిండిపదార్థం జిగురై బీటలను అతికేస్తుంది. తవుడులోని బి1 విటమిను కొంత గింజలోకి దిగుతుంది కూడా. తర్వాత ఆరబెడతారు. ఆరబెట్టే గాలిని వేడి చేసేదీ ఆవిరే. ఇంధనమేమో ఊక. క్వింటాలు వడ్లకు ఇరవై కిలోల దాకా ఊక వస్తుంది. కిలో ఊకతో సుమారు మూడు కిలోల ఆవిరి పుట్టించవచ్చు. వడ్లే తమను ఉడికించుకునే కట్టెలను వెంట తెచ్చుకుంటాయన్నమాట.

2021లో కేంద్రం ఇకమీదట బాయిల్డ్ రైస్ తీసుకోబోమన్నది. ఆ యాసంగికి వరి వేయవద్దని రాష్ట్ర ప్రభుత్వం రైతులకు చెప్పింది. 2022 ఏప్రిల్ 11న ముఖ్యమంత్రి ఢిల్లీలో ధర్నా చేశారు. మరునాడు రాష్ట్రమే వడ్లు కొంటుందని ప్రకటించారు. నేనప్పుడు ఇంటరులో వున్నాను. మా నాయిన రెండెకరాలు పడావు పెట్టాడు. పేపర్లలో ఎవరిది తప్పో రాశారు గానీ, పచ్చి బియ్యానికీ ఉడకబెట్టిన బియ్యానికీ మధ్య వున్నది గింజలో పడిన బీట అనీ, దాన్ని అతికేది ఆవిరి అనీ నాకెవరూ చెప్పలేదు. చెప్పివుంటే గొడవ తీరేదని కాదు. తినేవాళ్లు ఆ బియ్యం వద్దంటే ఆవిరి ఏం చేస్తుంది? కానీ మా చేలో గింజ ఎందుకు విరుగుతుందో తెలిసి మాట్లాడివుండేవాణ్ణి.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు తెలిసినవాళ్ల మిల్లుకు వెళ్లాను. జేబులో స్క్రూడ్రైవరు వుంది. పదకొండు ట్రాప్‌లకు చెవి పెట్టి విన్నాను. ఏడు సరిగా కొట్టుకుంటున్నాయి. నాలుగింటిలో ఆవిరి ఆగకుండా సుయ్యిమని పోతోంది. ఫిట్టరుకు చెప్పాను. "ఊక ఊరికెనే వస్తది గదా తమ్మీ, ఏం నష్టం?" అన్నాడు. గంటకు ఎన్ని కిలోల ఆవిరి పోతుందో, దానికి ఎంత ఊక కాలుతుందో కాగితం మీద వేసి చూపించాను. ఆ ఊకను ఇటుకబట్టీవాళ్లు కొంటారని అప్పుడు గుర్తొచ్చినట్టుంది, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. యాసంగి వడ్లు వచ్చేలోగా నాలుగూ మారుస్తానన్నాడు. ఏప్రిల్‌లో పోయి మళ్లీ వింటాను.